డిస్క్ డాగ్ సంఘం వార్షిక నివేదిక 2024–25: ముందు మన చెయ్యి, తర్వాతే కుక్క

సభ్యులందరికీ నమస్కారం.

2024 ఏప్రిల్ నుంచి 2025 మార్చి దాకా మన సంఘం ఏం చేసింది, ఎక్కడ తప్పు చేసింది, చందా డబ్బులు ఎటు పోయాయి, ఇవన్నీ చెప్పడానికే ఈ నివేదిక. ఫొటోలు అందరూ చూసే ఉంటారు, వాటి గురించి మళ్లీ రాయను.

కొత్తగా చేరినవాళ్ల కోసం రెండు మాటలు. మనం పళ్లెంలాంటి ప్లాస్టిక్ డిస్కు విసిరితే కుక్క పరిగెత్తి గాల్లోనే అందుకుని తిరిగి తెచ్చి ఇవ్వడం, ఇదే ఆట. 1974 ఆగస్టులో లాస్ ఏంజెలిస్‌లోని డాడ్జర్ స్టేడియంలో బేస్‌బాల్ మ్యాచ్ జరుగుతుంటే అలెక్స్ స్టైన్ అనే కాలేజీ కుర్రాడు యాష్లీ విప్పెట్ అనే తన కుక్కతో మైదానంలోకి దిగిపోయి డిస్కులు విసరడం మొదలుపెట్టాడు. మ్యాచ్ ఆగింది, టీవీలో దేశమంతా చూసింది, చివరికి అతన్ని పోలీసులు పట్టుకెళ్లారు. మరుసటి ఏడాదే ప్రపంచ పోటీలు మొదలయ్యాయి, మొదటి మూడేళ్లూ ఆ కుక్కే గెలిచింది. అక్కడ అంత పాత ఆట, మన బెజవాడకి మాత్రం ఇంకా కొత్త. పొద్దున్నే గ్రౌండ్‌లో మనల్ని చూసి ఆగి, ఇదేం ఆట అమ్మా అని అడిగేవాళ్లకి ఓపిగ్గా చెప్పండి, అలా అడిగినవాళ్లలో ముగ్గురు ఈ ఏడాది సభ్యులయ్యారు.

ఇక అసలు విషయం. మే నెలలో చాలామందికి నా మీద కోపం వచ్చింది. కుక్కల్ని ఇంట్లోనే ఉంచి, మీరు మాత్రం డిస్కు పట్టుకుని సాయంత్రం ఆరున్నర తర్వాత రండి అన్నాను. కుక్కల సంఘంలో కుక్కలు వద్దంటే ఎలా అని ఒక అన్న మొహం మీదే అడిగారు. ఆయన అడిగింది న్యాయమే. కానీ ముందటి ఏడాది మనం చూసిందేమిటి? కుక్క ప్రాణం పెట్టి పరిగెడుతుంది, మనం విసిరిన డిస్కేమో పల్టీలు కొడుతూ పక్కకి పోయి నేల మీద పడుతుంది. పదిసార్లు అలా జరిగితే పదకొండోసారి కుక్క మన వైపు చూడటం కూడా మానేసి గడ్డి వాసన చూస్తూ కూర్చుంటుంది. ఈ కుక్కకి ఆట రాదండీ అని మనం ఇంటికి తీసుకుపోయాం. ఆట రానిది మనకి.

అందుకే ఆరు వారాలు చెయ్యి ఒక్కటే నేర్చుకున్నాం. బొటనవేలు డిస్కు పైన, మిగతా వేళ్లు అంచు లోపలికి, మోచెయ్యి ఒంటికి దగ్గరగా, విసిరేటప్పుడు భుజం బలం తక్కువ, మణికట్టు విదిలింపు ఎక్కువ. తడి తువ్వాలు విదిలిస్తే చివర టప్పుమంటుంది చూడండి, అచ్చం ఆ కదలికే. తిరుగుడు బాగా ఉంటే డిస్కు వెళ్లి వెళ్లి చివర్లో ఒక్క క్షణం గాల్లో తేలుతున్నట్టు ఉంటుంది, కుక్క దాన్ని అందుకునేది ఆ క్షణంలోనే. తిరుగుడు లేని డిస్కు తోక తెగిన గాలిపటంలా ఎటు పోతుందో విసిరినవాళ్లకే తెలీదు, ఇక కుక్కకేం తెలుస్తుంది. మొదటి వారం పదిలో ఒకటి రెండు మాత్రమే నేరుగా పోయిన అక్కయ్యలు, జూన్ చివరికి తాడు కట్టిన రెండు కర్రల మధ్య నుంచి వరసగా విసరగలిగారు.

వేసవిలో కుక్కల్ని వద్దనడానికి ఇంకో కారణం ఎండ. రోహిణి కార్తెకి రోళ్లు పగులుతాయంటారు, ఇక కుక్క సంగతి చెప్పాలా. మనకి ఒళ్లంతా చెమట పడుతుంది, కుక్కకి ఒంటిని చల్లబరుచుకోవడానికి రొప్పడమే ప్రధానమైన దారి. ఆరోగ్యంగా ఉన్న కుక్క ఒంటి వేడి 101 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్ ఉంటుంది, 106 దాటిందంటే ప్రాణం మీదికి వచ్చినట్టే. డిస్కు పిచ్చి పట్టిన కుక్క అలిసిపోయానని చెప్పదు, పడిపోయేదాకా పరిగెడుతుంది, ఆపాల్సింది మనమే. నాలుక వెడల్పుగా బయటికి వేలాడి, చొంగ చిక్కగా కారుతూ, అడుగు తడబడితే ఆట అక్కడితో అయిపోయింది. నీడలోకి తీసుకెళ్లి పొట్ట కింద, గజ్జల్లో మామూలు నీళ్లు పోస్తూ గాలి తగలనివ్వాలి, వెంటనే డాక్టర్ దగ్గరికి బయల్దేరాలి. తడి తువ్వాలు కప్పి వదిలేయకండి, వేడి లోపలే ఉండిపోతుంది. ముక్కు చప్పిడిగా ఉండే పగ్ లాంటి కుక్కలకి రొప్పడమే కష్టం కాబట్టి వాటిని ఈ ఆటలోకి చేర్చుకోవడం లేదు. బాధపడిన ఇద్దరు సభ్యులకి ఇంకోసారి క్షమాపణ చెబుతున్నాను, కానీ ఆ నిర్ణయం మారదు.

జూలై 6న జూనోసిస్ దినం (జంతువుల నుంచి మనుషులకి అంటుకునే జబ్బుల గురించి జరిపే రోజు) సందర్భంగా ప్రభుత్వ పశువైద్యశాలలో ఉచితంగా రేబిస్ టీకాలు వేశారు, మన కుక్కలన్నిటికీ అయిపోయాయి. ఆ నెల నుంచే కుక్కలతో శిక్షణ మొదలైంది. మొదట డిస్కుని నేల మీద చక్రంలా దొర్లించడం. కుక్క దాని వెంటపడి నోట కరుచుకుంటుంది, ఎగరాల్సిన పని లేదు. ఏడాది నిండని కుక్కపిల్లలకి ఏడాదంతా ఇదే, ఎముకల చివర్లు ఇంకా ముదరవు, పెద్ద జాతులకైతే ఏడాదిన్నర పడుతుంది. తెచ్చిన డిస్కు వదలని కుక్కలతో లాక్కుంటూ నిలబడొద్దు, రెండో డిస్కు చూపించండి, మొదటిది దానంతటదే వదులుతుంది.

సెప్టెంబరు గురించి రాయాలంటే ఇప్పటికీ చెయ్యి ఆడదు. సెప్టెంబరు 1న బుడమేరు వాగు పొంగి సింగ్‌నగర్ మీద పడింది, ఆ రోజుల్లోనే ప్రకాశం బ్యారేజీకి 11 లక్షల క్యూసెక్కులు దాటి వరద వచ్చింది. మన సభ్యుల్లో నాలుగు కుటుంబాలు డాబాల మీద గడిపాయి, కుక్కలతో సహా. ఆ నెల శిక్షణ లేదు, డిస్కుల కోసం దాచిన డబ్బుతో బియ్యం, పాలపొడి, కుక్కలకి తిండి కొని పంపాం, దీనికి ముందుగా ఎవరి అనుమతీ తీసుకోలేదు, తీసుకునే టైమ్ లేదు. నీళ్లు తీసిన తర్వాత బురదలో తిరిగిన కుక్కలకి లెప్టోస్పైరోసిస్ అనే జబ్బు భయం ఉంటుందని, అది మనుషులకీ అంటుకుంటుందని డాక్టర్ గారు చెప్పడంతో టీకా గడువు దాటినవాటన్నిటికీ వేయించాం.

నవంబరులో జరిగింది నా తప్పు, అందరికీ తెలియాలి. సత్యనారాయణపురం అక్కయ్య వాళ్ల పండు, దేశీ కుక్క, గాలికన్నా తేలిగ్గా ఉంటుంది. ఫొటో బాగా వస్తుందని నేను డిస్కుని నిలువుగా పైకి విసిరాను. పండు నిటారుగా ఎగిరి, గాల్లో నడుము మెలితిప్పి అందుకుని, వెనక కాళ్ల మీదే దిగింది. చిన్న కేక. కుంటుకుంటూ వచ్చి డిస్కు నా కాళ్ల దగ్గర పెట్టింది. మోకాలి లిగమెంటు కొంత చిరిగిందని, ఎనిమిది వారాలు పరుగు మాట ఎత్తొద్దని డాక్టర్ గారు అన్నారు. అక్కయ్య నన్ను ఒక్క మాట అనలేదు, అందుకే ఇంకా బాధ. ఆ రోజు నుంచి మన గ్రౌండ్‌లో పైకి విసరడం నిషేధం. కుక్క పరిగెత్తే దారిలోనే, దాని ముందుకి, బల్లపరుపుగా పోవాలి డిస్కు. అప్పుడు ఒళ్లు అడ్డంగా సాగి నాలుగు కాళ్ల మీద దిగుతుంది.

గ్రౌండ్ సమస్య కూడా ఉంది. మనం ఆడే చోట ఉదయం నడకకి వచ్చే పెద్దాయన వైపు ఒక కుక్క దూసుకెళ్లింది, కరవలేదు కానీ ఆయన భయపడి కూర్చుండిపోయారు. తర్వాతి వారం గ్రౌండ్ వాళ్లు మనల్ని రావద్దన్నారు. వాళ్ల తప్పేం లేదు. కొన్నాళ్లు కృష్ణ ఇసుక తిన్నెల మీద ప్రయత్నించాం, మెత్తటి ఇసుకలో కాళ్లు దిగబడి కుక్కలు తొందరగా అలిసిపోయాయి. ఇప్పుడు ఊరి చివర ఒక సభ్యుడి బంధువుల ఖాళీ స్థలం దొరికింది, రాళ్లు ఏరి, గుంతలు పూడ్చి వాడుతున్నాం. పిలిస్తే రాని కుక్కకి పొడవాటి తాడు తప్పనిసరి.

సంక్రాంతి తర్వాత మనలో మనం పోటీ పెట్టుకున్నాం. సున్నంతో పది గజాలకో గీత, అరవై సెకన్లు, ఒకే డిస్కు. పది గజాలు దాటి పట్టుకుంటే ఒకటి, ఇరవై దాటితే రెండు, ముప్పైకి మూడు, నలభైకి నాలుగు, నాలుగు కాళ్లూ గాల్లో ఉండగా పట్టుకుంటే అదనంగా అర పాయింటు. బోర్డర్ కోలీ జాతి కుక్కని ఆడించే తమ్ముడు నలభై గజాలు విసిరాడు, అయినా కుక్క రెండే పట్టగలిగింది, తొమ్మిది పాయింట్లు. సింగ్‌నగర్ నుంచి వచ్చే ఇంటర్ చదివే చెల్లి ఒక్కటి కూడా ఇరవై ఐదు గజాలు దాటించలేదు, విసిరిన ప్రతిదీ జాకీ ముందుకే తేలుతూ వచ్చింది, ఐదుకి ఐదు గాల్లోనే, పన్నెండున్నర. జాకీ వరదప్పుడు మూడు రోజులు డాబా మీద ఉన్న వీధి కుక్క. ఆ అమ్మాయి మే, జూన్‌లలో ఒక్క రోజు కూడా మానలేదు.

లెక్కలు: చందాల్లో పెద్ద ఖర్చు వరద సాయం, తర్వాత డిస్కులు, టీకాలు. బిల్లులన్నీ కోశాధికారి దగ్గర ఉన్నాయి, సర్వసభ్య సమావేశంలో ఎవరైనా చూడొచ్చు. బొమ్మల షాపు గట్టి ప్లాస్టిక్ డిస్కులు తేకండి, పగిలి చిగుళ్లు కోస్తాయి. మనుషులు ఆడుకునే 175 గ్రాముల డిస్కు కూడా కుక్క పళ్లకి బరువే, మనవి దాదాపు 110 గ్రాములు, మెత్తగా వంగుతాయి. ఆట అయ్యాక అంచు మీద వేలు పెట్టి చూడండి, పంటి గాట్ల దగ్గర ప్లాస్టిక్ ముళ్లలా లేచి ఉంటుంది, ఉప్పుకాగితంతో రుద్దేయండి. నాలుక మీద రక్తం కనబడేదాకా ఆగొద్దు.

ఉగాది తర్వాత మళ్లీ వేసవి శిక్షణ, మళ్లీ కుక్కలు లేకుండానే, కొత్తవాళ్లూ పాతవాళ్లూ అందరూ రావాలి. దానికి ముందు ఈ ఆదివారం తెల్లవారి ఐదున్నరకి కుక్కలతో చివరి ఆట ఉంది. పండు వస్తోంది. డాక్టర్ గారు నేల మీద దొర్లించడానికి మాత్రమే ఒప్పుకున్నారు, దాని మొహం చూసి ఎవరూ జాలిపడి పైకి విసరకండి.