పడినవాడి చుట్టూ ఫోన్లు

సంపాదకులకు నమస్కారం.

మొన్న మా ఊరి దగ్గర హైవే మీద బైకు జారి ఓ కుర్రాడు పడిపోయాడు. తలనుంచి రక్తం కారుతోంది. చుట్టూ పెద్ద గుంపు, చాలామంది వీడియో తీస్తున్నారు. 108కి ఫోన్ చేసింది మాత్రం పక్కన జామకాయలమ్మే ఆవిడ. తన కొంగు చింపి కట్టు కట్టిందీ ఆవిడే.

మనుషులంతా రాతిగుండెలవాళ్లని నేననుకోను. ‘ఎవరో ఒకరు చూసుకుంటార్లే’ అన్న ధీమా, కేసు మెడకు చుట్టుకుంటుందన్న భయం కలిసి కాళ్లు కట్టేస్తాయి. గుంపు పెరిగేకొద్దీ బాధ్యత పలచబడుతుంది. కానీ మోటారు వాహనాల చట్టంలో 2019 సవరణతో చేరిన 134ఎ సెక్షన్, సదుద్దేశంతో సాయపడేవారికి రక్షణ ఇచ్చింది. పేరు చెప్పమని కూడా వాళ్లను బలవంతపెట్టకూడదు. ఈ సంగతి టోల్‌గేట్లు, పెట్రోలు బంకుల దగ్గర తెలుగులో పెద్దక్షరాలతో రాయించాలని అధికారులను కోరుతున్నాను.

— ఒక పాఠకుడు, సూర్యాపేట