పికప్ బానెట్‌కు రంధ్రం కోయించే ముందు

సంపాదకులు గారికి,

నమస్కారం. నల్లగొండ నుంచి మిర్యాలగూడ, దేవరకొండ వైపు పోయే దారుల్లోనూ, అటు జడ్చర్ల, మహబూబ్‌నగర్ చుట్టుపక్కలా బానెట్ మీద గాలి స్కూప్ (గాలిని లోపలికి పట్టే ఎత్తైన మూతి) పెట్టించిన పికప్ బండ్లు ఈ మధ్య తరచుగా కనిపిస్తున్నాయి. కొందరు కంపెనీ బానెట్ తీసేసి ఫైబర్‌తో పోసిన కొత్తది బిగించుకున్నారు. కొందరు ఉన్న బానెట్‌నే కోయించి దాని మీద స్కూప్ కూర్పించారు. మరికొందరు పైపైన ప్లాస్టిక్ స్కూప్ అంటించుకుని ఊరుకున్నారు. బత్తాయిలు, వడ్లు, పత్తి, కోళ్ల దాణా మోసి ఇల్లు నడిపే బండి అందంగా ఉండాలని యజమాని కోరుకోవడంలో తప్పేమీ లేదు. కానీ ఈ మూడు పద్ధతులకూ భద్రతలో చాలా తేడా ఉంది, ఆ తేడా విడమరిచి చెప్పి అమ్మేవారు అరుదు. ఐటీఐలో మోటారు మెకానిక్ ట్రేడు బోధించి పదవీ విరమణ చేసినవాడిని. నా దగ్గర చదువుకున్న పిల్లల్లో పలువురు ఈ బండ్లే నడుపుతున్నారు, కొందరు ఈ పనులే చేస్తున్నారు. అందుకే ఈ సంగతి మీ పత్రిక ద్వారా కొంచెం వివరంగా చెప్పదలచాను.

స్కూప్ పెడితే ఇంజిన్‌కు చల్లగాలి బాగా అంది లాగుడు పెరుగుతుందని, ఎండాకాలంలో బండి వేడెక్కదని చెప్పి అమ్ముతున్నారు. ఈ మాట ఎక్కడి నుంచి వచ్చిందో ముందు చూడాలి. అమెరికాలో పెద్ద పెట్రోలు ఇంజిన్ల మీద పెట్రోలును గాలితో కలిపే కార్బురేటర్, దాని మీద ఎయిర్ క్లీనర్ ఎత్తుగా కూర్చునేవి. వాటికి చోటు కోసం, గాలి కోసం బానెట్‌ను పైకి లేపారు. నేటి బండ్లలోనూ నిజంగా పనిచేసే స్కూప్‌లు ఉన్నాయి. 2017 మోడల్ షెవర్లే సిల్వరాడో హెచ్‌డీ డీజిల్ పికప్‌లో స్కూప్ గుండా వచ్చే గాలి ఇంజిన్‌కే పోతుంది, అయితే వాన నీరు ఇంజిన్‌లోకి చేరకుండా నీటిని వేరుచేసే దారిని కంపెనీయే ప్రత్యేకంగా కట్టింది. మన దేశంలో 2009 నుంచి 2016 వరకు అమ్మిన మొదటి తరం టొయోటా ఫార్చ్యూనర్ 3 లీటర్ల డీజిల్ ఇంజిన్‌కు ఇంటర్‌కూలర్ (ఇంజిన్‌లోకి పోయే గాలిని చల్లార్చే భాగం) ఇంజిన్ నెత్తిన ఉండేది, దానికి గాలి తగలడానికే బానెట్ మీద స్కూప్ పెట్టారు. తర్వాతి తరంలో ఇంటర్‌కూలర్ బండి ముందుకు వచ్చింది, దాంతో స్కూప్ పోయింది. నిజంగా పనిచేసే స్కూప్ ఏదైనా దాని కింద ఆ గాలితో పని ఉన్న భాగం ఒకటి ఉంటుంది. మన జిల్లాల్లో పికప్‌లకు పెట్టిస్తున్న స్కూప్‌లను తెరిచి చూస్తే చాలావాటి కింద ఇంజిన్ పైమూత తప్ప మరేమీ లేదు. ఎయిర్ ఫిల్టర్ ఎప్పటిలాగే తన పాత గొట్టం నుంచి గాలి పీల్చుకుంటూనే ఉంటుంది, ఆ గొట్టం మూతిని కూడా కంపెనీవారు ఇంజిన్ వేడికి దూరంగానే పెట్టి ఉంటారు.

ఒకవేళ గొట్టం వేసి స్కూప్‌ను ఫిల్టర్‌కు కలిపినా ఎంత లాభం వస్తుందో లెక్క కట్టవచ్చు. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో పోయే బండికి ఎదురుగాలి వల్ల వచ్చే అదనపు ఒత్తిడి, మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడిలో సుమారు వెయ్యో వంతు. వేగం 100 కిలోమీటర్లకు చేరినా అది అర శాతానికి లోపే. లోడు మీద ఉన్న పికప్ మన రోడ్ల మీద ఎంత వేగంతో పోతుందో నడిపేవారికి నేను చెప్పనక్కర లేదు. పైగా ఈ బండ్లలో చాలావాటికి టర్బో డీజిల్ ఇంజిన్లే ఉన్నాయి. గాలిని బలవంతంగా కుక్కే పని టర్బో ముందే చేస్తున్నప్పుడు ఈ అర శాతం కోసం ఇనుము కోయించడం దండగ.

ఇక రంధ్రం ఎక్కడ పెట్టాలన్నది మరో ముఖ్యమైన విషయం. బండి పోతున్నప్పుడు బానెట్ ముందు అంచు దాటగానే గాలి ఒత్తిడి తగ్గుతుంది, బానెట్ వెనుక అంచు దగ్గర, డ్రైవరు ముందున్న అద్దం అడుగున గాలి గుద్దుకుని ఆగడం వల్ల ఒత్తిడి పెరుగుతుంది. 1970 నాటి షెవర్లే షెవెల్ కారులో స్కూప్ మూతిని వెనక్కి, అద్దం వైపు తిప్పి పెట్టింది ఇందుకే. ఇది తెలియక మన దగ్గర కొందరు వేడి బయటికి పోతుందని బానెట్ వెనుక హింజీల కింద వాషర్లు వేసి వెనుక అంచును లేపుతున్నారు. బండి ఆగి ఉన్నప్పుడు ఆ సందులోంచి వేడి పోయే మాట నిజమే. వేగం అందుకున్నాక బయటి గాలే ఆ సందులోంచి లోపలికి దూరుతుంది, రేడియేటర్ గుండా వచ్చిన గాలి బయటపడే దారికి అది అడ్డు. అంతేకాక క్యాబిన్‌లోకి బయటి గాలి తీసుకునే జాలీ సాధారణంగా అక్కడే ఉంటుంది కాబట్టి, బండి ఆగినప్పుడల్లా డీజిల్ వాసన, ఇంజిన్ ఆవిరి డ్రైవరు ముఖానికే వస్తాయి. వేడి బయటికి పోవాలనే అసలు ఉద్దేశమైతే రేడియేటర్‌కు కొంచెం వెనుకగా, వెనక్కి తెరుచుకునే గాలి సందులు పెట్టించడమే సరైన పద్ధతి. స్థానం గురించి అనుమానం ఉంటే బానెట్ మీద అక్కడక్కడ చిన్న ఊలు దారాలు టేపుతో అంటించి, పక్కన పోయే బండి నుంచి ఫోనులో వీడియో తీయిస్తే గాలి ఎక్కడ అంటుకుని పారుతున్నదో, ఎక్కడ సుడి తిరుగుతున్నదో కళ్లకు కనిపిస్తుంది.

పైన తెరిచిన స్కూప్ గాలి ఒక్కదాన్నే లోపలికి పంపదు. క్రషర్ల దారుల్లో రాతిపొడి, మిర్యాలగూడ రైస్ మిల్లుల చుట్టూ ఊక, పాలమూరు వైపు ఎర్రమట్టి దుమ్ము అన్నీ అందులోకి పోతాయి. జూలై, ఆగస్టు వానల్లో నీళ్లు నేరుగా కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్ మీద, వైర్ల జాయింట్ల మీద పడతాయి. స్కూప్ తప్పదనుకున్నవారు దాని అడుగున నీటిని పట్టి పక్కకు వదిలే తొట్టి, దానికి గొట్టం, మూతికి సన్నని జాలీ లేకుండా పెట్టించుకోవద్దు. వీటిని అమర్చి ఇవ్వగలిగిన పనివారు మన పట్టణాల్లో ఉన్నారు, అడిగితేనే చేస్తారు.

బండి వేడెక్కుతున్నదని స్కూప్ కోసం వచ్చేవారితో నేను ఎప్పుడూ చెప్పే మాట ఒక్కటే: ముందు బండి ముక్కు ఖాళీ చేయండి. గ్రిల్ ముందు ఇనుప క్రాష్ గార్డు, దాని మీద పెద్ద లైట్లు, పేరు బోర్డు, పండుగ నాడు కట్టిన ఫ్లెక్సీ ముక్క, ఇవన్నీ రేడియేటర్‌కు పోవలసిన గాలిని ఆపుతున్నాయి. క్రాష్ గార్డులు చట్టవిరుద్ధమని కేంద్ర రవాణా శాఖ 2017 డిసెంబరులోనే రాష్ట్రాలకు రాసింది. తర్వాత రేడియేటర్ రెక్కల మధ్య పేరుకున్న ఊక, పురుగులను ఇంజిన్ వైపు నుంచి బయటికి మెల్లగా నీళ్లు కొట్టి కడగాలి. ఫ్యాన్ చుట్టూ ఉండే ప్లాస్టిక్ కవచం విరిగిపోయి ఉంటే వేయించాలి. కూలెంట్ బదులు బోరు నీళ్లు పోయడం మానాలి. మన జిల్లా నీళ్లలోని ఫ్లోరైడ్ సంగతి దేశమంతటికీ తెలుసు, రేడియేటర్‌ను పాడుచేసేది మాత్రం ఆ నీళ్లలోని ఉప్పు గుణం, కఠినత్వం. నీళ్లు కాచే పాత కాగు అడుగున గట్టిపడే తెల్లపొర లాంటిదే రేడియేటర్ సన్నని గొట్టాల్లోనూ పేరుకుంటుంది. ఆ పొర ఉన్న బండికి బానెట్ మొత్తం తీసేసి నడిపినా వేడి తగ్గదు.

ఇంత చెప్పినా కొత్త బానెట్ వేయించుకోవలసిన వారు ఉంటారు, గుద్దుకుని పాతది మడత పడినవారు ముఖ్యంగా. కంపెనీ రేకు బానెట్ బరువైనా దాని లోపలి చట్రంలో మడత పడవలసిన చోట్లు ముందే నిర్ణయించి ఉంటాయి. ఎదురు దెబ్బ తగిలినప్పుడు అది మధ్యలో మడిచి పైకి లేస్తుంది తప్ప కత్తిలా అద్దంలోంచి లోపలికి రాదు. దారిన పోయేవారు తగిలినా తల కింద కొంత అణుగుతుంది. అందుకే స్కూప్ కోసం లోపలి చట్రాన్ని కోసే పనిని నేను గట్టిగా వద్దంటాను. చట్రాన్ని వదిలి పై రేకు మాత్రమే కోసినా, కోసిన అంచుకు జింకు ప్రైమరు పట్టించకపోతే తొలి వానలకే తుప్పు మొదలవుతుంది.

ఫైబర్ బానెట్ కొనేవారు పైన రంగు, మెరుపు చూడకుండా తిరగేసి అడుగు భాగం చూడాలి. పొడి పోగులు తేలి ఉన్నా, గాలి బుడగలు ఉన్నా, రెజిన్ ఒకచోట మందంగా ఒకచోట పలుచగా ఉన్నా తీసుకోవద్దు. హింజీలు, లాక్ కూర్చునే చోట్ల లోపల ఇనుప పట్టీ వేసి పోశారా అని అడగాలి, వేయకపోతే బోల్టు రంధ్రాలు కొద్ది నెలల్లోనే విరివి అవుతాయి. మే నెలలో 44, 45 డిగ్రీల ఎండ పైనుంచి, ఇంజిన్ సెగ కింది నుంచి తగిలేటప్పుడు సరిగా ఆరని ఫైబర్ వంగుతుంది. రంగు వేయించక ముందే బండికి బిగించి చూసి, ఫెండర్ల దగ్గర సందు రెండు వైపులా సమానంగా వచ్చాకే డబ్బు ఇవ్వాలి. బానెట్‌ను ఎత్తి పట్టే గ్యాస్ స్ట్రట్ ఉన్న బండికి తేలిక బానెట్ వేస్తే ఆ స్ట్రట్ తోపుకు ఫైబర్ వంగుతుంది, కాబట్టి స్ట్రట్ కూడా మార్చవలసి వస్తుంది. కార్బన్ ఫైబర్ అని అమ్మేవాటిలో చాలావాటికి పైన కార్బన్ గుడ్డ ఒక పొర, అడుగున మామూలు ఫైబరే ఉంటుంది. ఆ ధర పెట్టడం లోడు బండికి అనవసరం.

అన్నిటికంటే ముఖ్యమైనది లాక్. గంటకు 80 కిలోమీటర్ల వేగంలో ఎదురుగాలి చదరపు మీటరుకు సుమారు 30 కిలోల బరువుతో నెడుతుంది, 100కు చేరితే అది 47 కిలోల దాకా పోతుంది. విజయవాడ హైవే మీద గానీ, బెంగళూరు హైవే మీద గానీ లాక్ జారిన బానెట్ లేచి అద్దం మీద పడితే డ్రైవరుకు ముందు ఏమీ కనిపించదు. కంపెనీవారు అసలు లాక్‌తో పాటు చేత్తో విప్పే రెండో కొక్కెం పెట్టేది ఇందుకే. కొత్త బానెట్ బిగించేటప్పుడు ఆ కొక్కెం సరిపడలేదని తీసి పారేయడం నేను చూశాను. అలాంటి పని చేసిన చోట బండి అప్పగించుకోవద్దు. ఫైబర్ బానెట్‌కైతే అసలు లాక్, కొక్కెం ఉంచుతూనే ముందు రెండు మూలలా బానెట్ పిన్నులు వేయించుకోవడం మంచిది.

అందమే కావాలనుకున్నవారికి అంటించే ప్లాస్టిక్ స్కూప్ చాలు. ఎత్తు తక్కువగా, అంచులు గుండ్రంగా ఉన్నది ఎంచుకుని, రివెట్లు కొట్టకుండా మంచి టేపుతో అంటించుకోవాలి, ఎండకు టేపు పట్టు వదులుతున్నదేమో తరచూ చూసుకోవాలి. డ్రైవరు సీట్లో కూర్చున్నప్పుడు బండి ముందు నిలబడిన చిన్నపిల్లవాడు స్కూప్ వెనుక దాగిపోతే, అది ఎంత అందమైనదైనా తీసేయవలసిందే.

చట్టం సంగతి క్లుప్తంగా రాస్తాను. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్‌సీలో నమోదైన వివరాలకు, తయారీదారు నిర్దేశాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది. అదే ఏడాది సవరణతో అనుమతి లేని ఒక్కో మార్పుకు 5000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల వరకు జైలు గానీ, రెండూ గానీ విధించవచ్చు. కంపెనీ బానెట్ బదులు అదే ఆకారంలో ఉన్నది వేయించడం మరమ్మతు. కోసి ఆకారం మార్చాలనుకునేవారు ముందు ఆర్‌టీఓ కార్యాలయంలో, బీమా కంపెనీలో రాతపూర్వకంగా అడిగి తెలుసుకోవాలి.

రవాణా శాఖ అధికారులకు మీ పత్రిక ద్వారా ఒక విన్నపం. రవాణా వాహనాలకు మొదటి ఎనిమిదేళ్లలో రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏటా ఫిట్‌నెస్ పరీక్ష జరుగుతుంది. ఆ పరీక్షలో బానెట్ మార్చిన ప్రతి పికప్‌కూ అసలు లాక్ విప్పి, రెండో కొక్కెం ఒక్కటే బానెట్‌ను పట్టి ఉంచుతున్నదో లేదో చేత్తో లాగి చూడాలి. కొక్కెం లేని బండిని అది బిగించుకుని వచ్చేదాకా వెనక్కి పంపాలి.

ఇట్లు,
విశ్రాంత మోటారు మెకానిక్ బోధకుడు,
నల్లగొండ