పాత క్యాలెండరును సంక్రాంతి దాకా ఉంచండి

సంపాదకులకు నమస్కారం.

డిసెంబరు చివరి వారంలో మీ పత్రిక గడిచిన ఏడాదిని పేజీలకు పేజీలు గుర్తుచేస్తుంది. దేశంలో ఏం జరిగిందో, రాష్ట్రంలో ఏం జరిగిందో నెలలవారీగా చదువుతాం. మన ఇంట్లో ఏం జరిగిందో మాత్రం ఒక్క కాగితం మీద కూడా పెట్టం. జనవరి ఒకటిన పాత క్యాలెండరు తీసి పిల్లల పుస్తకాలకు అట్టలేస్తాం, అదే మేకుకు కొత్తది తగిలిస్తాం. ఆ పాతదాన్ని ఇంకో పదిహేను రోజులు ఉంచుకోమని మీ పాఠకులను అడగడానికే ఈ ఉత్తరం. పొదుపు సంఘాల పుస్తకాలు రాసే పనిలో ఉన్నవాళ్లం కాబట్టి, ఏడాది లెక్క ఎలా రాస్తే పనికొస్తుందో, ఎక్కడ చెడిపోతుందో మాకు తెలిసినంత చెబుతాం.

ఉగాదినాడు గుడి దగ్గర కూర్చుని, మన రాశికి ఆదాయం ఇంత, వ్యయం ఇంత, రాజపూజ్యం ఇంత, అవమానం ఇంత అని అయ్యవారు చదువుతుంటే చెవులప్పగించి వింటాం. రాబోయే ఏడాదికి ఆ నాలుగంకెలు ఆయన చెబుతాడు. గడిచిన ఏడాదికి ఆ నాలుగూ మనమే రాసుకోవచ్చు. సాక్ష్యమంతా ఇంట్లోనే ఉంది. సంపాదించింది, పోగొట్టుకుంది, మన్నన పొందింది, మాట పడింది లేదా మాట అన్నది: ఏడాది పొడుగునా మనిషికి జరిగేవన్నీ ఈ నాలుగింట్లో ఏదో ఒకదాని కిందికి వస్తాయి.

కాలం కూడా డిసెంబరే సరైనది. ముంగారు (తొలకరి) శెనక్కాయ అక్టోబరు, నవంబరుల్లో పీకి, ఆరబెట్టి, కాయ విడిపించి అమ్మేసరికి డిసెంబరు వస్తుంది. చేతికి డబ్బు, కాస్త తీరిక, అప్పులవాళ్ల పిలుపు మూడూ ఒకసారే వస్తాయి. బెంగళూరుకు పనికి పోయినవాళ్లు సంక్రాంతికి ఇల్లు చేరతారు. అందుకని రెండుసార్లు కూర్చోవాలి. మొదట డిసెంబరు నెలాఖరులోగా ఎవరి లెక్క వాళ్లు ఒంటరిగా రాసుకోవాలి. తరువాత భోగికి ముందు రాత్రి, అన్నాలు తిన్నాక, టీవీ ఆపేసి అందరూ కలిసి చదువుకోవాలి. ఒక్కోదానికి గంట చాలు. గంట దాటితే మాట పెరుగుతుంది.

లాంగు నోటుబుక్కులో ఎదురెదురు రెండు పేజీలు తెరిచి నిలువుగా నాలుగు గడులు, అడ్డంగా పన్నెండు నెలలకు పన్నెండు గీతలు గీయండి. పాసుపుస్తకంలో ఎంట్రీలు ముందే వేయించుకోండి. ఫోనులో చెల్లింపుల జాబితా, మందుల బిల్లులు, బంగారం తాకట్టు చీటీ పక్కన పెట్టుకోండి. అన్నింటికంటే ముఖ్యం గోడ క్యాలెండరు. దాన్ని దగ్గరగా చూడండి. పాలు పోయించుకోని రోజున కొట్టిన ఇంటూ గుర్తు, సిలిండరు మార్చిన తేదీ చుట్టూ సున్నా, డాక్టరు మళ్లీ రమ్మన్న రోజు, చీటీ పాట తేదీ, ఎంతమంది కూలీలు వచ్చారో పెన్సిలుతో గీసిన గీతలు అన్నీ ఉంటాయి. ఏప్రిల్లో వరుసగా ఆరు రోజులు పాలకు ఇంటూలు ఉన్నాయంటే ఆ ఆరు రోజులూ ఇంటికి తాళమే. ఆసుపత్రిలోనో, చుట్టాల ఊర్లోనో ఉన్నారు. ఎందుకు పోయారో గుర్తొస్తే ఆ నెలంతా వెంట వస్తుంది.

రాయడం జనవరి నుంచే మొదలుపెట్టాలి. ఊరికే తలుచుకుంటూ కూర్చుంటే నవంబరు, డిసెంబరులే కళ్లముందు ఆడతాయి. పంట బాగా అమ్ముడుపోతే ఏడాదంతా మంచిదనిపిస్తుంది, చివర్లో చావు కబురు వింటే ఏడాదంతా చెడ్డదనిపిస్తుంది. మొదటి ఆరు గీతలు నిండకుండా చివరి ఆరింటికి పోకూడదన్న నియమం పెట్టుకుంటే ఈ పొరపాటు రాదు.

ఆదాయం గడిలో చాలామంది అమ్మిన డబ్బు రాసేస్తారు. విత్తనం, మందులు, కూలీ, ట్రాక్టరు బాడుగ తీసేశాకే అది ఆదాయం. ఇంట్లోవాళ్లు చేసిన పనికి కూడా కూలీ కట్టి తీసేయాలి. ఇంటి ఆడవాళ్లు కలుపు తీసిన రోజులు లెక్కలోకి రాకపోవడం వల్లే చాలా చేన్లు కాగితం మీద లాభంలో ఉంటాయి.

ఈ గడిలోనే ఇంకో సంగతి విడదీయాలి. ఏడాదికి 550 మిల్లీమీటర్ల చుట్టూ వాన పడే అనంతపురం లాంటి జిల్లాలో నిర్ణయం వేరు, ఫలితం వేరు. జూలైలో మంచి పదునులో వేసిన శెనక్కాయకు పూత నుంచి ఊడలు నేలలోకి దిగే సమయంలో బెట్ట తగిలి, అంటే వాన లేక ఎండి, కాయ పట్టలేదంటే, నిర్ణయం తప్పు కాదు. దాన్ని తప్పు కింద రాసుకుంటే వచ్చే ఏడు సరైన పనికి భయపడతాం. ఏడు సాళ్లకు ఒక సాలు కంది వేయకుండా చేనంతా శెనక్కాయే వేసి, పోయాక ఏమీ మిగల్లేదంటే అది మన నిర్ణయం. పక్కన ‘వాన’ అనో, ‘నేను’ అనో ఒక్క మాట రాస్తే చాలు. పిల్లల చదువుకూ, వ్యాపారానికీ, పెళ్లి సంబంధాలకూ ఇదే వర్తిస్తుంది. మా అనుభవంలో మనుషులు ‘వాన’ రాయాల్సిన చోట ‘నేను’ అని రాసుకుని కుమిలిపోతారు, ‘నేను’ రాయాల్సిన చోట ‘వాన’ అని రాసి తప్పుకుంటారు.

వ్యయం గడిలో పెద్ద ఖర్చులు ఎవరూ మరిచిపోరు. ఊరి దేవర జాతర, పెళ్లి చదివింపులు, బోరు వేయించడం అన్నీ గుర్తుంటాయి. జారిపోయేవి రెండు రకాలు. ఒకటి రోజువారీ చిల్లర: రోజుకు 40 రూపాయలంటే ఏడాదికి 14,600. రెండోది వడ్డీ. లక్ష రూపాయలు రెండు రూపాయల వడ్డీకి తెస్తే నెలకు 2,000, ఏడాదికి 24,000, అంటే నూటికి 24. ప్రాంసరీ నోటుకు మూడేళ్ల గడువు కాబట్టి మూడో ఏట నోటు తిరగరాయమంటారు. అప్పటిదాకా వడ్డీ కట్టకపోతే 72,000 అసలులో కలిసి కొత్త నోటు 1,72,000 అవుతుంది. ఇంకో మూడేళ్లు గడిస్తే దాని మీద వడ్డీయే 1,23,840. ఆరేళ్లలో లక్ష కాస్తా 2,95,840. నోటు తిరగరాసిన రోజు చేతి నుంచి పైసా పోదు, అందుకే అది ఎవరి ఖర్చు లెక్కలోనూ కనపడదు. ఏడాదిలో నోటు తిరగరాసి ఉంటే ఆ నెల గీతలో ఎర్ర సిరాతో రాయండి. మధ్యలో కట్టిన ప్రతి మొత్తానికి నోటు వెనక తేదీతో చెల్లు రాయించుకోవాలి, అప్పు తీరాక నోటు వెనక్కి తీసుకోవాలి. మొహమాటపడి ఊరుకున్నవాళ్లే ఇక్కడ నష్టపోతున్నారు.

ఒళ్లు కూడా వ్యయం కిందికే వస్తుంది. ఏడాదిలో తీయించిన బీపీ, షుగరు చీటీలన్నీ తేదీ వరుసలో పెట్టండి. ఒక్క చీటీతో ఏమీ తేలదు, వరుస చూస్తే ఎటు పోతున్నామో తెలుస్తుంది.

రాజపూజ్యం అనగానే సన్మానాలు, మార్కులు, కొత్త బండి రాస్తారు. అవి రాసుకోండి, సంతోషించండి. వాటి పక్కన ‘ఎవరి వల్ల’ అని ఇంకో చిన్న గీత ఉండాలి. పిల్ల పదో తరగతిలో గట్టెక్కిందంటే సాయంత్రం లెక్కలు చెప్పిన పక్కింటి అక్క ఉంటుంది. ఆసుపత్రిలో ఉన్నప్పుడు ఎనుములకు మేత వేసిన అన్న ఉంటాడు. ఏడాదికి ఇలాంటివాళ్లు నలుగురైదుగురు తేలతారు, వాళ్లలో సగం మందికి మనం నోటితో ఒక మాట కూడా చెప్పి ఉండం. సంక్రాంతికి అరిసెలు, నిప్పట్లు ఎవరింటికి ముందు పంపాలో ఈ గీతే చెబుతుంది.

అవమానం గడి దగ్గర అందరి చెయ్యీ ఆగిపోతుంది. మనల్ని ఎవరు ఏమన్నారో రాయడానికి మాత్రం పేజీ చాలదు. అందుకే మనం ఇతరులను అన్నవి, చేసినవి ముందు రాయాలి. అవి కనీసం మూడు రాశాకే మనం పడ్డవి రాయాలి. ఎలా రాయాలన్నది ఇంకా ముఖ్యం. ‘నాకు కోపమెక్కువ’ అని రాస్తే దాంతో చేసేదేమీ లేదు, గుణం పట్టుకుంటే చేతికి చిక్కదు. ‘మార్చిలో మోటారు కాలిన రోజు ఇంటికొచ్చి పిల్లవాడి మీద చెయ్యెత్తాను’ అని రాస్తే పట్టు దొరుకుతుంది: ఏ రోజు, ఏ కారణం, ఎవరి మీద. నాలుగు సంఘటనలు ఇలా రాస్తే మూడింటికి కారణం ఒకటే ఉంటుంది. డబ్బు నష్టపోయిన రోజో, నిద్రలేని రాత్రి తరువాతి రోజో, తాగి వచ్చిన రోజో. ఆ ఒక్కటి దొరకడం కోసమే ఈ గడి.

కలిసి కూర్చున్న రాత్రి ఎవరి గడి వాళ్లే చదవాలి. భర్త చదువుతుంటే భార్య ‘ఆగస్టులోది రాయలేదే’ అనకూడదు, భార్య చదివేటప్పుడు అత్త అందుకోకూడదు. ఒక్కరు అందుకున్నా అది పంచాయితీ అవుతుంది, మరుసటి ఏడు ఎవరూ నోరు విప్పరు. చదవడం ఇంట్లో పెద్దవాళ్లతో మొదలవ్వాలి. తండ్రి తన తప్పు చదివాక పిల్లలు చదువుతారు. పిల్లలతో ముందు చదివిస్తే అది విచారణ. చదవలేమనుకున్నది మడిచి పెట్టుకోవచ్చు, బలవంతం లేదు.

ఇక పాఠాలు. సంఘం తీర్మానాల పుస్తకంలో ‘అందరూ సక్రమంగా కట్టాలి’ అని రాస్తే ఎవరూ కట్టరు. ఎవరు, ఏం, ఎప్పటిలోగా అన్న మూడూ ఉంటేనే అది తీర్మానం. ఇంటి పాఠం కూడా అలాగే రాయాలి, మనిషికి మూడు మించకూడదు. ‘ముందుజాగ్రత్త ఉండాలి’ అన్నది పాఠం కాదు. ప్రధానమంత్రి జీవనజ్యోతి బీమాకు 436, సురక్షా బీమాకు 20, రెండింటికీ కలిపి 456 రూపాయలు మే నెలాఖరులో ఖాతా నుంచి కోసుకుంటారు. ఆ సమయానికి ఖాతాలో డబ్బు లేక బీమా ఆగిపోయిన ఇళ్లు ఎన్నో ఉన్నాయి, ఆ సంగతి మనిషి పోయాకే తెలుస్తుంది. ‘మే 20 లోగా నేను ఖాతాలో 500 వేస్తాను’ అన్నది పాఠం. ‘మోటారు కాలిన రోజు రచ్చకట్ట మీద అరగంట కూర్చుని ఇంటికి వస్తాను’ అన్నది పాఠం. తేదీ ఉన్నవాటిని అప్పటికప్పుడే కొత్త క్యాలెండరులో ఆ గడిలో రాసేయాలి. తేదీ లేనివాటిని మోటారు స్టార్టరు పెట్టె లోపలి వైపు, బీరువా తలుపుకు, అది గుర్తు రావాల్సిన చోట అంటించాలి. నోటుబుక్కులో మిగిలిపోయిన పాఠం మళ్లీ డిసెంబరులోనే కనిపిస్తుంది.

మీకు మా మనవి ఒక్కటే. ఏడాది చివర వేసే ప్రత్యేక పేజీల్లో అర పేజీ ఖాళీగా వదిలి ఈ నాలుగు గడులూ, పన్నెండు గీతలూ ముద్రించండి. కత్తిరించి గోడకు అంటించుకుంటారు. నాలుగో గడి మాత్రం మిగతావాటి కంటే కాస్త వెడల్పుగా ఉండేలా చూడండి.

ఇట్లు
పొదుపు సంఘాల పుస్తకాలు రాసేవాళ్లం కొందరం
ఉరవకొండ, అనంతపురం జిల్లా