బొద్దింకలతో కాపురం

ఒరేయ్ మామా,

నీ ఉత్తరం చదివి నవ్వొచ్చిందిరా, ఏమీ అనుకోకు. రాత్రి నీళ్లకని లేచి లైటు వేస్తే సింకు మీంచి నాలుగు బొద్దింకలు పరుగెత్తాయి, పొద్దున చూస్తే ఒక్కటీ లేదు అని రాశావు. ఎక్కడికి పోతాయిరా, సందుల్లో దూరి పడుకున్నాయి. పోయినేడు నేనూ 'పోయాయిలే' అనుకుని మూడు నెలలు పోగొట్టుకున్నాను.

ముందు అవి ఏ రకమో చూడు. బొటనవేలంత పొడుగుతో ఎర్రటి గోధుమరంగులో ఉంటే అమెరికన్ రకం. ఎక్కువగా డ్రైనేజీ నుంచి వస్తాయి. చూడ్డానికి ఒళ్లు జలదరిస్తుంది గానీ జాలీలు బిగించి, పైపుల చుట్టూ సందులు పూడిస్తే చాలావరకు తగ్గుతాయి. అదే ఒకటిన్నర సెంటీమీటరు కూడా లేకుండా, లేత గోధుమరంగులో, తల వెనక రెండు నల్లటి చారలతో ఉంటే మాత్రం జర్మన్ రకం. అసలు తలనొప్పి ఇదే. ఇది మనింట్లోనే సంసారం పెట్టేస్తుంది. ఒక్కో గుడ్ల సంచిలో 30 నుంచి 40 పిల్లలుంటాయి, వెచ్చగా ఉంటే రెండు మూడు నెలల్లో అవీ పెద్దవైపోతాయి. మా ఇంటికి అట్టపెట్టెల్లో వచ్చాయని నా అనుమానం. నేను కొన్న పాత మైక్రోవేవ్‌లో వచ్చాయని మా ఆవిడ తీర్పు. అప్పీలు లేదు.

రాత్రి టార్చ్ పట్టుకుని ఫ్రిజ్ మోటారు దగ్గర, సింకు కింద, మిక్సీ అడుగున, అలమర తలుపు బందుల్లో వెతుకు. మిరియాల పొడి చల్లినట్టు నల్ల చుక్కలుంటే అది వాటి పెంట, కాపురం అక్కడే. విడిచిన పొరలు, ఖాళీ గుడ్ల సంచులూ కనిపిస్తాయి. ఎక్కువైతే ముక్కిపోయిన నూనెలాంటి వాసన కూడా వస్తుంది. పట్టపగలే తిరుగుతున్నాయంటే సందుల్లో చోటు చాలడం లేదన్నమాట.

ఇక నేను చేసిన తెలివితక్కువ పని విను. కోపంతో స్ప్రే డబ్బా మొత్తం కొట్టేశాను. ఎదురుగా ఉన్నవి చచ్చాయి, మిగతావి వంటింట్లోంచి పుస్తకాల బీరువాలోకి మకాం మార్చాయి! సంచుల్లోని గుడ్లకేమీ కాలేదు. మూడు వారాల తర్వాత పిల్లల దండు బయల్దేరింది.

చివరికి పని చేసింది సిరంజిలో వచ్చే జెల్ మందు. నల్ల చుక్కలున్న చోట్ల కందిగింజంత బొట్లు పెట్టాలి. ఒకే చోట పెద్ద ముద్ద వద్దు, ఎక్కువ చోట్ల చిన్నచిన్నవి పెట్టు. తిన్నది గూటికెళ్లి చస్తుంది, దాని పెంటనో శవాన్నో తిన్నవీ పోతాయి. అసహ్యంగా ఉన్నా మనకు లాభమే. జెల్ దగ్గర స్ప్రే గానీ ఫినాయిల్ గానీ పొరపాటున కూడా వాడకు, ఆ వాసనకి అవి దగ్గరికే రావు. అవి ముట్టకపోతే ఇంకో రకం జెల్ తే. జర్మన్ బొద్దింకల్లో గ్లూకోజ్ తీపిని అసహ్యించుకునే గుంపులు తయారయ్యాయని 1993లోనే బయటపడింది. తీపి ఎర చూపిస్తే మొహం తిప్పుకుంటాయి, మనకే లేదు ఆ నిగ్రహం.

రాత్రి పడుకునే ముందు సింకు పొడిగా తుడువు, కారే కుళాయి బాగు చేయించు. తిండి లేకపోయినా నీళ్లుంటే జర్మన్ బొద్దింక నెల దాకా లాగుతుంది. నీళ్లు లేకపోతే రెండు వారాలే గగనం.

చిన్నోడికి ఆయాసం వస్తోందని రాశావు కదా. బొద్దింకల పెంట, పొరల ధూళి ఆస్తమాని రేపుతాయి. కాబట్టి చీపురుతో ఊడ్చి గాల్లోకి లేపకుండా తడిగుడ్డతో తుడవండి. జెల్ చిన్నోడి చేతికందని సందుల్లోనే పెట్టు, డాక్టరుకి కూడా ఇంట్లో బొద్దింకలున్నాయని చెప్పు, సిగ్గుపడకు.

రెండు మూడు వారాల్లో తేడా తెలుస్తుంది, అప్పుడు మందు ఆపేయకు. సింకు కింద జిగురు అట్ట పెట్టి, వారానికోసారి ఎన్ని పడ్డాయో లెక్క రాసుకో. మొదటి రాత్రి మా అట్టకి 23 పడ్డాయి. నీ లెక్క ఎంతో వెంటనే రాయి.

ఉంటాను మరి,
నీ మామ