అడవీ మీ శాఖే, గ్రామసభా మీ శాఖే: డిప్యూటీ సీఎం పవన్ కళ్యాణ్ గారికి బహిరంగ లేఖ

పవన్ కళ్యాణ్ గారూ, నమస్తే.

ఈ లేఖ మీకే ఎందుకంటే పంచాయతీరాజ్, గ్రామీణాభివృద్ధి, అటవీ, పర్యావరణ శాఖలన్నీ 2024 జూన్ నుంచి మీ దగ్గరే ఉన్నాయి. ఏజెన్సీలో మామూలుగా ఏం జరుగుతుందంటే, అటవీ వాళ్లని అడిగితే పంచాయతీ వాళ్లని అడగమంటారు, వాళ్లు రెవెన్యూ ఆఫీసుకి పొమ్మంటారు, అడగడానికి వచ్చిన మనిషికి సంత రోజు కాస్తా పోతుంది. మీ దగ్గర ఆ తిరుగుడు అక్కర్లేదు.

2024 ఆగస్టు 23న ఒకే రోజు 13,326 పంచాయతీల్లో గ్రామసభలు పెట్టించారు. ఉపాధి హామీలో ఏ పని చెయ్యాలో ఊళ్లోనే కూర్చుని తీర్మానం చేశారు. చాలా మంచి పని. మరి సీసీ రోడ్డుకి ఊరిని అడిగినప్పుడు, గెడ్డకి (కొండవాగుకి) అడ్డంగా డ్యామ్ కట్టేముందు ఎందుకు అడగరు?

మా అల్లూరి జిల్లా అనంతగిరి మండలం పెదకోట దగ్గర పంప్డ్ స్టోరేజి ప్రాజెక్టుకి 2022లోనే ప్రభుత్వం సరే అంది. కొండ మీద ఒక రిజర్వాయరు, కింద ఒకటి, కరెంటు మిగిలినప్పుడు నీళ్లు పైకి తోడి, చాలనప్పుడు కిందికి వదలడం. సోలార్ పెరుగుతోంది కాబట్టి ఇలాంటివి కావాలంటున్నారు, ఆ వాదన నాకు అర్థమవుతుంది. కానీ ఆ కొండల్లో గూడేలు తాగేది ఊటనీళ్లు. పైన ఊట దగ్గర చిన్న తొట్టి కట్టి, పైపు వేసి ఇళ్ల దాకా తెచ్చుకుంటారు. ఏ ఊట ఎండాకాలంలో కూడా పారుతుందో, ఏది సంక్రాంతికే ఆగిపోతుందో అక్కడి ఆడవాళ్లకి తెలిసినంత ఏ కన్సల్టెంటుకీ తెలియదు. వాళ్లని చివర్లో పిలిస్తే ఏం లాభం? ఇలాంటి ప్రాజెక్టుల సంగతి గూడెంలో మొదట తెలిసేది సర్వే జీపుని చూసే.

ఆ చివర్లో పిలవడం కూడా ఎలా ఉంటుందో చెప్తాను. ఒక ప్రజాభిప్రాయ సేకరణకి వెళ్లాను. షామియానా, ముందు వరసలో కుర్చీలు, చుట్టూ పోలీసులు. ఒక పెద్దావిడ మైకు పట్టుకుని వాళ్ల ఆదివాసీ భాష కువిలో చాలాసేపు మాట్లాడింది, చెయ్యి చాపి కొండ చూపిస్తూ. పక్కనున్న కుర్రాడు తెలుగులో చెప్పబోతే టైం లేదన్నారు. చివర్లో చదివిన మినిట్స్‌లో ఆవిడ మాటలు "నీటి సమస్య ప్రస్తావించారు" అని ఒక్క ముక్కలో అయిపోయాయి. పర్యావరణ అనుమతుల మీద కేంద్రం ఇచ్చిన 2006 నోటిఫికేషన్ ప్రకారం ఆ సభకి కోరం కూడా అక్కర్లేదు, పది మంది వచ్చినా జరిగినట్టే లెక్క. అదే అటవీ హక్కుల నియమాల ప్రకారం గ్రామసభ అంటే ఊళ్లో సగం మంది ఉండాలి, వచ్చినవాళ్లలో మూడో వంతుకి తగ్గకుండా ఆడవాళ్లుండాలి. అసలు సభ అదీ.

చట్టాలకేం కొదవ లేదండీ. షెడ్యూల్డ్ ప్రాంతాల పంచాయతీల కోసం తెచ్చిన 1996 పెసా చట్టం ఒక్కో గూడేన్నీ ఒక ఊరిగా చూడమంది, భూమి తీసుకునేముందు సంప్రదించమంది. 2013 భూసేకరణ చట్టం షెడ్యూల్డ్ ప్రాంతంలో గ్రామసభ ముందస్తు సమ్మతి కావాలంది. షెడ్యూల్డ్ ప్రాంతంలో గనుల భూమి ప్రైవేటు కంపెనీలకి లీజుకివ్వకూడదని సుప్రీంకోర్టు చెప్పిన 1997 సమత తీర్పు ఎక్కడి కేసు? ఇదే అనంతగిరి మండలం, బొర్రా ప్రాంతానిది. మన ఏజెన్సీలో బాక్సైట్ తవ్వకాల కోసం 2015లో జీవో 97 ఇచ్చారు, జనం ఎదురుతిరిగారు, 2019లో రద్దు చెయ్యాల్సి వచ్చింది. ముందే అడిగి ఉంటే నాలుగేళ్లు జనానికి ఆ టెన్షన్ ఉండేదా? పక్కనే ఒడిశాలో 2013లో సుప్రీంకోర్టు చెప్పాక నియమగిరి గనుల మీద 12 గ్రామసభలు పెట్టారు, పన్నెండూ వద్దన్నాయి. ఆ మాట నిలబడింది.

ఇప్పుడు మీరు చెయ్యగలిగింది చెప్తాను. 2022 అటవీ సంరక్షణ నియమాలు వచ్చాక అటవీ హక్కులు తేల్చే బాధ్యత రాష్ట్రం మీదే పడింది, అటవీ భూమిని వేరే పనికి మళ్లించే తుది ఉత్తర్వు ఇచ్చేదీ రాష్ట్రమే. కాబట్టి కంపెనీకి కేటాయించక ముందే, సర్వే మొదలవక ముందే గూడెం స్థాయిలో గ్రామసభ పెట్టించండి, పంచాయతీ కేంద్రంలో కాదు. కొండ దిగి రాలేని ముసలివాళ్ల మాట కూడా అందులో రావాలి. కువి, ఆదివాసీ ఒడియా మాట్లాడే చోట ఆ భాషలోనే ప్రాజెక్టు సంగతి చెప్పించండి, మ్యాపు నేల మీద పరిచి ఏ ఊట మునుగుతుందో, ఏ పోడు పట్టా పోతుందో వేలు పెట్టి చూపించాలి. కోతల రోజుల్లో, సంత రోజున పెట్టొద్దు. మినిట్స్ అక్కడికక్కడే చదివి, సంతకాలయ్యాక ఒక కాపీ గూడెంలోనే ఉంచాలి. వద్దంటే వద్దన్నట్టే రాయాలి, "అభ్యంతరాలు పరిశీలిస్తాం" అని కాదు.

అల్లూరి జిల్లాలో ఇప్పటికే కేటాయించిన ప్రాజెక్టుల్లో ఏయే గూడేల్లో గ్రామసభ జరిగింది, ఏం తీర్మానించారు, ఆ జాబితా మీ శాఖ బయటపెట్టాలని అడుగుతున్నాను. తీర్మానం లేని ఫైలు మీ టేబుల్ దాకా వస్తే సంతకం పెట్టకుండా వెనక్కి పంపండి.

ఇట్లు,
అల్లూరి జిల్లా వాసి ఒకరు