ఆ పై పన్ను ఒకసారి చూపించు బుజ్జమ్మా

కావలి

బుజ్జమ్మకు అమ్మ దీవించి రాసేది.

నిన్న ఫోన్లో మళ్లీ ముక్కుతోనే మాట్లాడావు. అడిగితే, జలుబే, ఇక్కడి దుమ్ముకి అన్నావు. ఫోన్లో చెప్తే సగంలోనే మీటింగుందని పెట్టేస్తావు, అందుకే ఇట్టా రాస్తున్నా. తీరిగ్గా చదువు.

దుమ్ముకి వచ్చే జలుబైతే రెండు పక్కలా ఉండాలి గదా. నీకెప్పుడూ ఎడమ ముక్కే బిగుసుకుంటుంది, ఎడమ బుగ్గే బరువెక్కుతుంది. వంగి చెప్పులు వేసుకునేటప్పుడు గొంతులోకి ఏదో కుళ్లు వాసన దిగుతుందన్నావే, ఆ మాట విన్నప్పటి నుంచి నాకు ఉలవపాడు పెద్దమ్మే గుర్తొస్తోంది.

పెద్దమ్మకి అచ్చం ఇట్టాగే, కుడి పక్క. యాంటీబయాటిక్ వాడినన్నాళ్లు తగ్గేది, ఆపితే మళ్లీ మొదలు. ఆవిరి పట్టింది, పసుపు కొమ్ము కాల్చి పొగ పీల్చింది. పొద్దున్నే ముగ్గుకి వంగితే మొహం పగిలిపోతున్నట్టుందని పిండి గిన్నె నా చేతికిచ్చి అరుగు మీద కూలబడేది. పొయ్యి మీద చేపల పులుసు ఉడుకుతున్నా వాసన తెలిసేది కాదు, తన ముక్కులో కంపు మాత్రం తెలిసేది. ఎదుటివాళ్లకి కొడుతుందేమోనని పేరంటాలకి పోవడమే మానేసింది. ఆ దిగులు దగ్గరుండి చూసినదాన్ని గనకే ఇంత గట్టిగా చెప్తున్నా.

చివరికి నెల్లూరులో ఒక ఈఎన్‌టీ డాక్టరమ్మ, ముక్కు చూడకముందే నోరు తెరవమంది. కుడి పై దవడలో ఎప్పుడో రూట్ కెనాల్ చేసి క్యాప్ వేసిన పన్ను. "అది నొప్పే లేదమ్మా" అంది పెద్దమ్మ. నొప్పి ఉండకపోవచ్చంట. నరం తీసేసిన పన్ను గదా. పైగా చీము దారిలేక ఉబ్బితేనే సలుపు, పైకి సైనస్‌లోకి, అంటే బుగ్గ ఎముకలో ముక్కుకి కలిసే గాలి గదిలోకి, కారిపోతుంటే పన్నుకేమీ తెలియదు. పై దవడ పళ్ల వేర్లకీ సైనస్‌కీ మధ్య ఎముక కొందరికి చాలా పల్చన, ఒక్కోచోట పొర తప్ప ఏమీ ఉండదు.

ఆ దవడ పన్నుకి మూడు వేర్లు, చాలామందికి వాటి లోపల నరముండే కాలవలు నాలుగు. నాలుగోది సన్నంగా ఉండి ఒక్కోసారి దొరకదు. పెద్దమ్మకి శుభ్రం చేయకుండా ఉండిపోయింది అదే. మామూలు చిన్న ఎక్స్‌రేలో ఏమీ తేలలేదు. సీబీసీటీ అని పళ్లకి, దవడకి తీసే సీటీ స్కాన్‌లో వేరు కొసన నల్లమచ్చ, దానికి పైనే సైనస్ సగం మూసుకుపోయి బూడిద రంగులో కనిపించింది. డాక్టరమ్మ వేలు పెట్టి చూపిస్తే నాక్కూడా అర్థమైంది. పంటి డాక్టరు రూట్ కెనాల్ మళ్లీ చేశాక, నెమ్మదిగా ముక్కు తెరుచుకుంది. కొందరికి సైనస్ ఆపరేషన్ కూడా కావాల్సి వస్తుందంట, పెద్దమ్మకి ఆ అవసరం రాలేదు.

నీకూ ఎడమ పై దవడలో క్యాప్ ఉంది గదా. అదే కారణమని ఇక్కడ కూర్చుని నేను తేల్చను, చూపించుకుంటేనే తెలిసేది. ఈఎన్‌టీ డాక్టరుకీ, పంటి డాక్టరుకీ ఇద్దరికీ చూపించు. ఒక పక్కే వస్తుందని, వాసన ఉందని, క్యాప్ ఉందని నోరు తెరిచి చెప్పు, అడిగేదాకా ఆగొద్దు. స్కాన్ అవసరమా అని నువ్వే అడుగు. మందుల షాపులో నీ అంతట నువ్వు మాత్రలు కొనుక్కోవడం మాత్రం ఇంక మానేయ్. పన్ను తీసేయాలని వాళ్లంటే, మళ్లీ రూట్ కెనాల్ చేస్తే నిలబడుతుందా అని అడిగి చూడు. తీయించుకోక తప్పకపోతే తర్వాత ముక్కు గట్టిగా చీదొద్దు. పుక్కిలించిన నీళ్లు ముక్కులోంచి వస్తే వెంటనే వాళ్లకి చెప్పు, అక్కడ రంధ్రం పడి ఉండొచ్చు. కంటి చుట్టూ వాచినా, చూపు రెండుగా కనిపించినా, జ్వరంతో తల పగిలిపోతున్నా, అర్ధరాత్రైనా సరే ఆసుపత్రికి పో. తెల్లారనీలే అనుకోవద్దు.

శనివారం నీకు సెలవే గదా. డాక్టరు టైము ఇవ్వగానే ఫోన్ చెయ్. శుక్రవారం రాత్రి సింహపురి రైలెక్కితే తెల్లారేసరికి నీ దగ్గరుంటా.

అమ్మ