మా తమ్ముడి కోసం పరిగెత్తిన అందరికీ కృతజ్ఞతలు

అమెరికాలో తను నడుపుతున్న చిన్న విమానం పొలంలో పడి దెబ్బలు తగిలిన మా తమ్ముణ్ణి హాస్పిటల్ నుంచి ఇంటికి తెచ్చుకున్నాం. నడుము దగ్గర వెన్నుపూస విరిగింది, ఎడమ చీలమండకి ఆపరేషన్ అయ్యింది. కాళ్లలో స్పర్శ బాగానే ఉంది. నడుముకి బెల్టు పెట్టుకుని నాలుగడుగులు వేస్తున్నాడు. పక్క సీట్లో ఉన్న కరీంనగర్ అబ్బాయి చేతికి కట్టుతో బయటపడ్డాడు. మీ ఫోన్లకి, మెసేజ్‌లకి విడివిడిగా జవాబివ్వడం కుదరలేదు, అందుకే అందరికీ కలిపి ఇక్కడ రాస్తున్నాను.

ముందు, పేర్లయినా తెలియని ఇద్దరికి. ఆరిజోనాలో ఫీనిక్స్‌కి దక్షిణంగా, కాసా గ్రాండే వైపు కాలవ నీళ్ల మీద పత్తి, పశువుల గడ్డి బాగా పండిస్తారు. విమానం అలాంటి గడ్డిచేలో పడింది. అక్కడ నీళ్లు కడుతున్న ఇద్దరు కూలీలు పరిగెత్తుకొచ్చారట. అది పైపర్ ఆర్చర్, నాలుగు సీట్ల ట్రైనింగ్ విమానం. దానికి తలుపు ఒక్కటే, కుడి రెక్క మీదికి తెరుచుకుంటుంది. ఆ కుడి రెక్కలోంచే పెట్రోలు కారుతోంది. ఏ క్షణమైనా అంటుకోవచ్చని తెలిసీ ఆ రెక్కెక్కి ఇద్దరినీ లాగారు. వెన్ను దెబ్బతిన్న మనిషిని కదపకూడదంటారు, నిజమే. కానీ ఆ సమయంలో వాళ్లు చేసిందే సరైన పని అని డాక్టరు కూడా అన్నారు. ఫైర్ సిబ్బంది వచ్చేదాకా ఒకాయన తన టోపీతో మావాడి ముఖానికి నీడ పట్టాడట. వాళ్లు స్పానిష్ మాట్లాడారని తప్ప మాకేమీ తెలియదు. ఆ చుట్టుపక్కల ఉండేవాళ్లెవరైనా కనుక్కోగలిగితే దయచేసి చెప్పండి, ఆ ఇద్దరినీ కలవాలని అమ్మ అంటోంది.

మాతో ఫోన్లో మాట్లాడిన, రిటైరైన పైలట్ కెప్టెన్ గారికి ఇంకో రకం రుణపడ్డాం. మా బంధువుల వాట్సాప్‌లో అప్పటికే ‘పాత విమానం ఇచ్చారు’, ‘ఇంజిన్ పేలింది’ అని మొదలైంది. నాన్న ఆ కోపంతోనే రెండు రాత్రులు నిద్రపోలేదు. కెప్టెన్ గారు ఫోన్లో అంతా విని, ఉన్నది ఉన్నట్టు చెప్పారు. ఆ విమానంలో రెక్కకొక ట్యాంకు, ఒక్కోదాంట్లో వాడుకోదగ్గ పెట్రోలు 24 గ్యాలన్లు, అంటే దాదాపు 91 లీటర్లు. రెండింటి నుంచీ ఒకేసారి తీసుకునే ఏర్పాటు ఇందులో లేదు. పైలటే గడియారం చూసుకుంటూ ఎడమ మోకాలి దగ్గరున్న పిడిని అటూ ఇటూ మార్చుకోవాలి. మావాడు ఎడమ ట్యాంకు మీదే చాలాసేపు నడిపాడు. అది ఖాళీ అయ్యి, కుడి రెక్కలో పెట్రోలు ఉండగానే ఇంజిన్ ఆగిపోయింది.

“మన పాత హీరోహోండా రిజర్వ్‌లో పడితే ట్యాప్ తిప్పేవాళ్లం కదండీ, అదే పని. కాకపోతే తిప్పాక ఖాళీ గొట్టాలు నిండి ఇంజిన్ అందుకోవడానికి పది సెకన్లదాకా పట్టొచ్చు. దిగబోతూ ఎత్తు తగ్గించుకున్నాక ఆ పది సెకన్లు ఎక్కడివి?” అన్నారు. నాన్నకి బండి లెక్క బాగా ఎక్కింది. ఆ రాత్రి నిద్రపోయారు.

మావాడొక్కడే ఇంత పని చేశాడని ఇంట్లో కుమిలిపోతుంటే అమెరికా ప్రమాద దర్యాప్తు సంస్థ ఎన్‌టీఎస్‌బీ 2017లో ఇచ్చిన హెచ్చరిక కూడా కెప్టెన్ గారే పంపించారు. 2011 నుంచి 2015 వరకు ఏటా సగటున 50కి పైగా చిన్న విమానాలు పెట్రోలు చూసుకోకపోవడం వల్లే ప్రమాదానికి గురయ్యాయట. వాటి పైలట్లలో దాదాపు సగం మంది కమర్షియల్ లైసెన్సో అంతకంటే పెద్దదో ఉన్నవాళ్లే. తప్పు చిన్నదైపోదు కానీ, అది చదివాక నాన్న వాడితో మామూలుగా మాట్లాడగలిగారు.

హెలికాప్టర్ అంబులెన్స్ బిల్లు చూసి మాకు కళ్లు తిరిగాయి. అక్కడ నర్సుగా చేస్తున్న మన నెల్లూరు ఆవిడ డ్యూటీ దిగాక మాతో కూర్చుని కాగితాలన్నీ చదివారు. అమెరికాలో 2022 నుంచి అమలైన చట్టం ప్రకారం, ఇన్సూరెన్స్ నెట్‌వర్క్‌లో (అంటే ఆ కంపెనీతో ఒప్పందం ఉన్నవాళ్లలో) లేని ఎయిర్ అంబులెన్స్ మన దగ్గర అదనంగా గుంజకూడదట. ఆవిడే ఇన్సూరెన్స్ వాళ్లతో మాట్లాడారు, హాస్పిటల్ ఆర్థిక సాయం ఫారం నింపించారు. బిల్లు చేతికి రాగానే కట్టేయకుండా ఇలా తెలిసినవాళ్లకి చూపించండి, పిల్లల్ని అక్కడ చదివిస్తున్నవాళ్లందరికీ చెప్తున్నాను.

అమ్మకి ఎమర్జెన్సీ వీసా అపాయింట్‌మెంట్ కోసం హైదరాబాద్‌లో రాత్రంతా ఫారాలు నింపిన మా తమ్ముడి స్నేహితులకి, తెనాలిలో నాన్నకి తోడున్న బాబాయి, పిన్నిలకి, ఇక్కడ ఫీనిక్స్ పక్కన చాండ్లర్ ఊళ్లో మమ్మల్ని ఇంట్లో పెట్టుకున్న కుటుంబానికి ఎన్ని చెప్పినా తక్కువే. పైకం ఇక పంపకండి, అవసరానికి సరిపడా వచ్చింది. లెక్క రాస్తున్నాను, బిల్లులు తేలాక మిగిలింది ఎవరిది వాళ్లకి తిరిగి పంపిస్తాను. చారు పోసి పంపిన స్టీలు గిన్నెలు మాత్రం ఎవరివో కలిసిపోయాయి. ఫొటో తీసి పెడతాను, మీవి మీరు గుర్తుపట్టి చెప్పండి.